థ లోపలి చుక్క

మైపాడుకు ఉత్తరాన, సముద్రానికి కిలోమీటరు దూరంలో మా అక్కవాళ్ల రొయ్యల గుంటలు ఉన్నాయి. వన్నామీ పిల్ల వదిలిన రోజు నుంచి పట్టుబడి అయ్యేదాకా రాత్రిళ్లు ఎవరో ఒకరు గట్టున ఉండి తీరాలి. ఏరియేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. కరెంటు పోయిన కాసేపట్లో జనరేటర్ వేయకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. ఇంటర్ సెలవుల్లో ఆ కాపలా మా మేనల్లుడిది. మోటారు కొట్టంలో నులకమంచం, దోమల బత్తి, వాడి చేతిలో ఓ పాత పీఎస్పీ. మా బావ కువైట్ నుంచి వస్తూ తెచ్చిన ఆటల పెట్టె అది. ఒక మీట అరిగిపోయింది, బ్యాటరీ ఇప్పటికే ఓసారి మారింది. ఇప్పుడు వాడు దాంట్లో ఆటలాడడం తక్కువ, బొమ్మల కథలు చదవడం ఎక్కువ. నా చిన్ననాటి ట్రంకుపెట్టెలోని పాత బొమ్మల పుస్తకాలను నేనే నెల్లూరు ట్రంకురోడ్డులో ఓ జిరాక్స్ అంగట్లో స్కాన్ చేయించి వాడికిచ్చాను.

ఒకరోజు రాత్రి నన్నూ గట్టు మీదికి పిలిచాడు. పెట్టె నా ముందు పెట్టి, "మామా, ఈ కద చదివినావా?" అన్నాడు.

"కద కాదబ్బయ్యా, కథ. లోపల చుక్క ఉండాది చూడు."

"యాడుండాది మామా చుక్క? నువ్వే జూడు."

కళ్లజోడు సవరించుకుని చూశాను. వాడిదే నిజం. కాగితం మీద స్పష్టంగా ఉన్న చుక్క తెర మీద లేదు. థ కింద ఉండాల్సిన చిన్న గీత కూడా బూడిద రంగు మరకలా మిగిలింది. పిల్లవాడు చదివింది తెర చూపించినదే. ఆ చుక్క ఎక్కడికి పోయిందో కనుక్కోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఈ అధ్యాయమంతా ఆ వెతుకులాటే.

మొదట తెర సంగతి. సంక్రాంతి నెలలో మా వీధిలో ఆడవాళ్లు ముగ్గు వేసే ముందు చుక్కలు పెడతారు. ఎన్ని చుక్కలు పెట్టారన్న దాన్నిబట్టి ఏ ముగ్గు పడుతుందో తేలిపోతుంది. అయిదు చుక్కల్లో చిన్న పువ్వు వస్తుంది. నెమలి కావాలంటే ఇరవై పైచిలుకు చుక్కలు పెట్టాలి, వాకిలి సరిపోకపోతే నెమలి ఊసు ఎత్తకూడదు. తెర కూడా చుక్కల వాకిలే. ఆ చుక్కనే పిక్సెల్ అంటారు. సోనీ వారు 2004 డిసెంబరులో జపాన్‌లో విడుదల చేసిన పీఎస్పీ తెర 4.3 అంగుళాలు, అడ్డంగా 480 చుక్కలు, నిలువుగా 272. మొత్తం 1,30,560. అంగుళానికి సుమారు 128 చుక్కలు. అప్పటికి చేతిలో పట్టే పెట్టెలో అంత తెర గొప్పే. అంతకు కొన్ని వారాల ముందు అమెరికాలో వచ్చిన నింటెండో డీఎస్‌కు రెండు తెరలు, ఒక్కోదానిలో 256 అడ్డం, 192 నిలువు. రెండూ కలిపినా లక్ష చుక్కలు కావు.

అదే ఏడాది సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ పైకి వెళ్లింది. చదువు కోసమే మన దేశం పంపిన మొదటి ఉపగ్రహం అది. శ్రీహరికోట అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. రాకెట్ లేచినప్పుడు మా తీరమంతా దక్షిణం వైపు తిరిగి నిలబడుతుంది. పాఠాన్ని ఆకాశం మీదుగా ఊరి బడికి చేర్చాలని ఇక్కడివాళ్లు పాటుపడుతున్న రోజుల్లోనే, ఎక్కడో ఆట కోసం తయారైన పెట్టెలు ఎవరూ అనుకోకుండా పుస్తకాలుగా మారడానికి సిద్ధమవుతున్నాయి. ఆ రెండు ప్రయత్నాలూ నా మనసులో ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి.

ఇప్పుడు లెక్క వేద్దాం. నా పాత పుస్తకంలో పేజీ వెడల్పు 7 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 2,100 చుక్కలు వచ్చాయి. ఆ స్కాన్‌ను కంప్యూటర్‌లో పెద్దది చేసి ఒక్కొక్క చుక్కనూ లెక్కపెట్టాను. ద అక్షరం ఎత్తు 20 చుక్కలు. థ లోపలి బొట్టు అడ్డం 4, నిలువు 4. కింది గీత వెడల్పు మూడే. పీఎస్పీని అడ్డంగా పట్టుకుని పేజీ వెడల్పు మొత్తం తెర మీదికి తెస్తే 2,100 చుక్కలు 480కి కుదించుకుపోవాలి. అంటే కాగితం మీది నాలుగు చుక్కలకు పైగా కలిసి తెర మీద ఒకే చుక్క అవుతాయి. ద ఎత్తు నాలుగున్నర చుక్కలకు దిగుతుంది. బొట్టు ఒక్క చుక్క కన్నా కాస్త తక్కువ.

తెర మీద ముక్కాలు చుక్క అనేది ఉండదు, ఉంటే చుక్క ఉంటుంది, లేకపోతే లేదు. అందుకని కుదించే ప్రోగ్రామ్ సగటు తీస్తుంది. తెరచుక్క చోటులో ఎంత భాగం సిరా పడితే అంత నలుపు వేస్తుంది. మన బొట్టు అదృష్టం కొద్దీ సరిగ్గా ఒక తెరచుక్క మీద పడితే ఎనభై శాతానికి పైగా నలుపు వస్తుంది, కనిపిస్తుంది. నాలుగు తెరచుక్కలు కలిసే మూల మీద పడిందనుకోండి, ఒక్కోదానికి అయిదో వంతు నలుపే దక్కుతుంది. లేత బూడిద రంగు. పాత కాగితం పసుపులో అది కలిసిపోతుంది. అందుకే ఒకే పేజీలో ఒక వరుసలో థ థగా ఉండి, రెండు వరుసల కింద అదే అక్షరం ధ అయింది, గీత కూడా చెదిరిన చోట ద అయింది. మావాడు చూపించింది ఆ మూడోది. పెట్టెను నిలువుగా, పుస్తకంలా పట్టుకుంటే ఇంకా కష్టం. అప్పుడు వెడల్పు 272 చుక్కలే, బొట్టుకు అర చుక్క మిగులుతుంది.

ఇంగ్లీషు అక్షరాలకు ఈ బాధ ఇంత ఉండదు. అయిదు చుక్కల వెడల్పు, ఏడు చుక్కల ఎత్తు ఉన్న గళ్లలో ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ గుర్తుపట్టేలా గీయవచ్చు. పాత ఎలక్ట్రానిక్ బోర్డుల మీది అక్షరాలు అలాంటివే. మన లిపికి ఆ గళ్లు చాలవు. నేను గ్రాఫ్ కాగితం తీసుకుని "స్త్రీ" రాయడానికి ప్రయత్నించాను. స తలకట్టు స్థానంలో గుడిదీర్ఘం, కింద తవత్తు, దాని పక్కన క్రావడి. పదహారు వరుసల కన్నా తక్కువలో నాకు అది చదవగలిగేలా కుదరలేదు. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చిన్న మెలిక ఒక్కటే, అది చెదిరితే తీరం తిరం అవుతుంది. ప, ఫ, ష, స ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. ర, ఠ మధ్య తేడా మళ్లీ లోపలి చుక్కే. మన అక్షరాలు గుండ్రనివని మెచ్చుకుంటాం. ఆ గుండ్రదనం లోపల అర్థాన్ని మోసేవి ఇంత చిన్న బొట్లూ మెలికలూ అని చిన్న తెర ముందు కూర్చుంటే గాని నాకు తెలియలేదు.

కుదింపు ఒక్కటే దొంగ కాదు. స్కాన్ చేసిన బొమ్మను అంగడివాళ్లు జేపెగ్ ఫైలుగా ఇచ్చారు. ఈ జేపెగ్ పనితీరు మా తీరంలో నిలబడి చెప్పడానికి అనువైన విషయం. మైపాడు రేవులో నిలబడితే మొదట కనిపించేది దూరం నుంచి లేచి వచ్చే పెద్ద అల. దాని వీపు మీద చిన్న అలలుంటాయి, వాటి మీద గాలికి పుట్టిన సన్నని ముడతలుంటాయి. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి చేరితేనే మనం చూసే నీటి ఉపరితలం. జేపెగ్ బొమ్మను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తున్న గడులుగా కోస్తుంది. ఒక్కో గడిలోని 64 చుక్కల వెలుగునీడలను 64 రకాల అలల కలయికగా రాసుకుంటుంది. ఆ తరువాత పెద్ద అలలను జాగ్రత్తగా ఉంచి, సన్నని ముడతలను చాలావరకు వదిలేస్తుంది. మనిషి కన్ను ముడతలను పెద్దగా పట్టించుకోదు కనుక ఆకాశం, ముఖం, చెట్టు బాగానే ఉంటాయి, ఫైలు మాత్రం పదో వంతుకు దిగవచ్చు.

ఈ అలల లెక్కకు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అని పేరు. 1974 జనవరిలో దాన్ని ప్రచురించినవారు ముగ్గురు: బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. ఆ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లి టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో దశాబ్దాల పాటు పాఠం చెప్పారు, 2021లో కన్నుమూశారు. ఈ ఆలోచన మీద పని చేయడానికి అహ్మద్ అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగితే కాదన్నారు. అయినా ఆయన పని ఆపలేదు. 1992లో జేపెగ్ ప్రమాణంగా స్థిరపడ్డాక ఆ లెక్క ప్రతి కెమెరాలోకీ ఫోనులోకీ చేరింది. మన ఫోనుకు వచ్చే పెళ్లి ఫోటోలన్నీ దాదాపుగా ఆ లెక్క మీదుగానే వస్తాయి. కామిశెట్టి అన్న ఇంటిపేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా నాకు కనపడలేదు. అది ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

అక్షరం విషయానికి వస్తే ఈ లెక్క ఎదురు తిరుగుతుంది. తెల్ల కాగితం మీద నల్ల గీత అంటే వెలుగు నుంచి చీకటికి ఒక్క అడుగులో దూకడం. ఆ దూకుడును అలలతో కట్టాలంటే సన్నని ముడతలే కావాలి, జేపెగ్ వదిలేసేవీ అవే. దాంతో గీత అంచు మెత్తబడుతుంది, చుట్టూ దోమలు ముసిరినట్టు బూడిద మచ్చలు వస్తాయి. పైగా చిన్న తెరకు కుదించిన పేజీలో ఒక్కో అక్షరం సుమారుగా ఒక గడిలోనే ఇమిడిపోతుంది. ఒక గడిలో ముడతలు పోయాయంటే ఒక అక్షరం పోయినట్టే. చిత్రం ఏమిటంటే, అదే పేజీలో విక్రమార్కుడి లాంటి రాజు కత్తి, భుజం మీది శవం, శ్మశానంలో మర్రిచెట్టు ఏ లోటూ లేకుండా కనిపిస్తాయి. బొమ్మకు చుక్కలు తక్కువైనా కన్ను పూరించుకుంటుంది. మాటకు పూరించుకోవడం పెద్దవాళ్లకు అలవాటు, కొత్తగా చదువుతున్న పిల్లలకు కాదు. నాకు కథ అన్న మాట ముందే తెలుసు కాబట్టి చుక్క లేకపోయినా కథ అనే చదివాను.

ఇంత ఇబ్బంది ఉంటే బొమ్మ కాకుండా అక్షరాలనే నేరుగా పెట్టెలో పెట్టవచ్చు కదా? పెట్టవచ్చు. అప్పుడు థ బొట్టు ఎప్పటికీ పోదు, ఎందుకంటే అక్కడ బొట్టే ఉండదు, సంఖ్య ఉంటుంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. అందులో థ సంఖ్య 3109, ద సంఖ్య 3110, ధ సంఖ్య 3111. ఇంటి నంబర్లలా పక్కపక్కనే ఉన్నా ఒకటి ఇంకోటి కాలేదు. "కథ" అన్న మాటకు ఆరు బైట్లు చాలు. "స్త్రీ"కి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంకేతాలు, మొత్తం 18 బైట్లు. రెండు వందల పేజీల నవల సంకేతాలుగా ఒక మెగాబైటు దరిదాపుల్లో ఉంటుంది. అదే నవల పేజీల బొమ్మలుగా అయితే నలభై మెగాబైట్లు దాటిపోవచ్చు.

అసలు కష్టం ఆ తరువాత మొదలవుతుంది. ఆరు సంకేతాలను వరుసగా రాస్తే స్త్రీ రాదు. త అక్షరాన్ని స కిందికి దించాలి, దాని రూపం మార్చాలి, రను క్రావడిగా పక్కకు చేర్చాలి, దీర్ఘాన్ని వెనకనుంచి తెచ్చి స నెత్తిన పెట్టాలి. పలక మీద అక్షరాలు దిద్దించే పంతులు చేసే పని ఇది. కంప్యూటర్‌లో ఈ పనికి ప్రత్యేకమైన ప్రోగ్రామ్ ఉండాలి. ఈనాడు ఎక్కువచోట్ల ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఆనాటి ఆటల పెట్టెల్లో అలాంటి పంతులు లేడు. పీఎస్పీకి ఔత్సాహికులు సొంతంగా రాసిన చదివే ప్రోగ్రాములు చాలా వచ్చాయి, పీడీఎఫ్ చూపించే బుకర్ వాటిలో పేరున్నది. అక్షరాలే ఉన్న తెలుగు ఫైలు వాటిలో తెరిస్తే ఖాళీ డబ్బాలో, పొల్లులు విడివిడిగా తేలే అక్షరాలో వచ్చేవి. తెలుగు ఆ పెట్టెల్లోకి బొమ్మగా మాత్రమే ప్రవేశించగలిగింది. తెలుగులో బొమ్మల కథకు దారి వేసిన బుజ్జాయి గారి డుంబు లాంటి పుస్తకం చేతిలో ఉంటే, స్కాన్ చేసి ఆ రోజే చదువుకోవచ్చు. నవలకు ఆ భాగ్యం లేదు. బొమ్మల పుస్తకాలను చిన్నచూపు చూసేవాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది: మన లిపిని ఆ యంత్రాల్లోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది బొమ్మే.

ఈ పంతులు పని ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది. జ, పొల్లు, ఞ, కంటికి కనపడని ఒక గుర్తు, దీర్ఘం, ఈ అయిదూ వరుసగా వచ్చిన జ్ఞా రూపాన్ని తెర మీదికి తేవడంలో ఐఫోన్ తడబడింది. ఆ అక్షరం సందేశంలో వస్తే ఆ యాప్ కూలిపోయేది, తెరవబోతే మళ్లీ కూలిపోయేది. ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దారు. విజ్ఞానం అన్న మాటలో ఉన్న అక్షరమే అది.

కంపెనీలు కూడా పుస్తకాల వైపు చూశాయి. నింటెండో వారు 2008 డిసెంబరులో బ్రిటన్‌లో వంద ఇంగ్లీషు పుస్తకాలను ఒక్క డీఎస్ కార్డులో పెట్టి అమ్మారు. పెట్టెను పక్కకు తిప్పితే రెండు తెరలు తెరిచిన పుస్తకంలా ఎడమ పేజీ, కుడి పేజీ అవుతాయి. వేలితో తోస్తే పేజీ తిరుగుతుంది. ఆ చేతి అమరిక నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది, మడత కీలు ఉన్న వస్తువు పుస్తకం కావాలని ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. సోనీ వారు 2009 డిసెంబరులో పీఎస్పీకి కామిక్స్ అంగడి తెరిచారు. పేజీ మొత్తం ఒకేసారి చూపకుండా ఒక్కో బొమ్మగడి మీదికి దృష్టిని నడిపించే ఏర్పాటు అందులో ఉండేది. 2012లో అది మూతపడింది. తెలుగు పుస్తకం అందులో ఒక్కటీ నాకు దొరకలేదు. కానీ గడి తరువాత గడి చూపించాలన్న ఆ ఆలోచనలోనే మావాడి థకు మందు ఉంది.

మందు చెప్పే ముందు ఇంకో రెండు మాటలు. స్కాన్ చేసిన పేజీని ఉన్నదున్నట్టు పెట్టెలో వేస్తే కొన్ని పేజీలు తెరుచుకోనేలేదు. కారణం జ్ఞాపకశక్తి. 2,100 చుక్కల వెడల్పు, 2,850 చుక్కల ఎత్తు అంటే 60 లక్షల చుక్కలు. చుక్కకు నాలుగు బైట్ల చొప్పున విప్పి పరిస్తే 24 మెగాబైట్లు. మొదటి పీఎస్పీలో మొత్తం ఉన్నదే 32, అందులో కొంత యంత్రం తన పనికే ఉంచుకుంటుంది. ఫైలు రెండు మెగాబైట్లే కదా అని మనం అనుకుంటాం. చాప చుట్టి ఉన్నప్పుడు మూలన పడి ఉంటుంది, పరిస్తేనే గది ఎంతుండాలో తెలుస్తుంది.

రెండోది ఎండ. తెల్లారాక సముద్రం మీద సూర్యుడు లేస్తే మా మేనల్లుడు పెట్టె మూసేస్తాడు. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఆ ఎండలో తెల్ల కాగితం వెలుగును తిప్పికొట్టి సుమారు పాతిక వేల నిట్ల కాంతితో మెరుస్తుంది. వెనక దీపం ఉన్న తెర ఇచ్చేది కొన్ని వందల నిట్లు. గాజు మీద పడి మెరిసే ఎండే అంతకన్నా ఎక్కువ. 1989 నాటి గేమ్‌బాయ్ తెరకు వెనక దీపమే లేదు, అది కాగితంలా ఎండను తిప్పికొట్టే రకం, అందుకే ఆరుబయట బాగా కనిపించేది, చీకట్లో పనికొచ్చేది కాదు. మా గట్టు మీద రాత్రి కాపలాకు మాత్రం వెనక దీపమే సరి. ఉప్పుగాలికి లోపలి రాగి పచ్చబడకుండా వాడు పెట్టెను జిప్ కవర్‌లో, మందుల సీసాల్లో వచ్చే చిన్న సిలికా పొట్లాలతో కలిపి దాస్తాడు. ఆ ఉపాయం ఎవరూ నేర్పలేదు, జనరేటర్ తీగలు తుప్పు పట్టడం చూసి వాడే కనిపెట్టాడు.

ఇక మందు. నేను పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి తీసుకున్నాను. ప్రతి పేజీనీ బొమ్మగళ్ల వెంబడి కత్తిరించాను. సగం పేజీ వెడల్పున్న గడి అంటే 1,050 చుక్కలు. అది 480కి కుదిస్తే ద ఎత్తు తొమ్మిది చుక్కలు, థ లోపలి బొట్టు దాదాపు రెండు చుక్కలు. రెండు చుక్కల బొట్టు ఏ మూల మీద పడినా దాని నడుమన నలుపు మిగిలి తీరుతుంది. పాత కాగితం పసుపును తెలుపు చేసి సిరా నలుపును పెంచాను. కుదించడం అంతా ముగిశాకే, ఒక్కసారే, తక్కువ నొక్కుడుతో జేపెగ్ చేశాను. ముందే గట్టిగా నొక్కి తరువాత కుదిస్తే దోమలు కూడా బొమ్మలో భాగం అయిపోతాయి. ఒక పుస్తకానికి మూడు సాయంత్రాలు పట్టింది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ లాంటి పెట్టెలో ఈ శ్రమ అక్కరలేదు. దాని తెరలో పది లక్షలకు పైగా చుక్కలున్నాయి, అంగుళానికి రెండు వందలు దాటి. లోపల లినక్స్ నడుస్తుంది కనుక కోరీడర్ అనే చదివే ప్రోగ్రామ్ వేసుకుంటే హార్ఫ్‌బజ్ పంతులు కూడా వచ్చేస్తాడు, తెలుగు నవల వత్తులతో, గుణింతాలతో సహా తెరుచుకుంటుంది. కానీ మావాడి చేతిలో ఉన్నది పీఎస్పీ. వాడికున్న చుక్కల్లోనే వాడికి నెమలి పట్టాలి.

శనివారం రాత్రి మళ్లీ గట్టుకు వెళ్లాను. మూడు గంటలకు చెక్ ట్రేలు లేపి చూశాం, మేత మిగల్లేదు, రొయ్య చురుగ్గా ఉంది. చేతులు కడుక్కుని మంచం మీద కూర్చున్నాం. వాడు కార్డు వేసి, బొమ్మల ఫోల్డర్ తెరిచి, కుడి భుజం మీట నొక్కుతూ ఒక్కో గడీ దాటుతున్నాడు. ఏరియేటర్ల చప్పుడులో వాడు పైకి చదివేది నాకు సగమే వినపడుతోంది. ఒక గడి దగ్గర ఆగాడు. తెరను ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"ఉండాది మామా," అన్నాడు.